హత్య కల్పితమైనా.. ఊరు నిజం కావాలి!

* అపరాధ పరిశోధన నవలకు ఆలంగాయం నేపథ్యమైతే..
* రచయిత చూడాల్సినవెన్నో, వినాల్సినవెన్నో
* పాత్ర పుట్టేది పోలీసు స్టేషన్‌లో కాదు, బస్టాండులో

ఆలంగాయం: చీకటి పడింది. ఆలంగాయం దాటిన బస్సు జవ్వాది కొండల్లో మలుపులు తిరుగుతోంది. చెట్ల నడుమ తెల్లటి గుమ్మటం. అందులో ఓ శాస్త్రవేత్త విగతజీవిగా పడి ఉన్నాడు. తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది..

కంగారు పడొద్దు. ఇలాంటిదేదీ జరగలేదు. కానీ ఓ అపరాధ పరిశోధన నవల ఇలా మొదలైతే చదివేవారు ఎంతమందో! కావలూరు వేధశాల, సరిహద్దు అడవులు, గుడియాత్తం అగ్గిపెట్టెలు, వేలూరు జైలు, కాట్పాడి జంక్షన్.. రహస్యం అల్లడానికి ఇంతకన్నా సరుకేం కావాలి? అయితే చిక్కంతా ఇక్కడే ఉంది. ఊరు చూడకుండా, నాలుగు పేర్లు ఏరుకుని రాసేస్తే పక్క రాష్ట్రం పాఠకుడు నమ్ముతాడేమో గానీ, ఆలంగాయం పాఠకుడు రెండో పేజీలోనే పుస్తకం మూసేస్తాడు. డిటెక్టివ్ నవలలో హంతకుడు కల్పితం. హత్య కల్పితం. ఊరు మాత్రం నిజం కావాలి. లేకుంటే పరిశోధన తేలిపోతుంది.

మరి రచయిత ఆ ఊరిని ఎలా పట్టుకుంటాడు? అందులో తిరిగే మనుషుల్ని ఎలా తయారు చేస్తాడు?

గుమ్మటం చెప్పే సాక్ష్యం

కావలూరునే తీసుకుందాం. సముద్ర మట్టానికి 725 మీటర్ల ఎత్తున, సుమారు వంద ఎకరాల అటవీ ప్రాంతంలో ఉంది ఈ వేధశాల. 1960లలో ఈ చోటును ఎంపిక చేసిన శాస్త్రవేత్త వేణు బాపు. ఆయన పెరిగింది హైదరాబాదులో. తండ్రి అక్కడి నిజామియా వేధశాలలో పనిచేసేవారు. 1972లో ఇక్కడ 1 మీటరు దూరదర్శిని ఏర్పాటైంది. 2.34 మీటర్ల పెద్ద దూరదర్శినిని దేశీయంగా రూపొందించారు. 1986లో దానికీ, వేధశాలకూ ఆయన పేరే పెట్టారు. అప్పటికి ఆయన కన్నుమూసి మూడేళ్లు దాటింది.

ఇదంతా పుస్తకాల్లో దొరుకుతుంది. నవలకు కావాల్సింది వేరు. రాత్రిపూట శాస్త్రవేత్త దూరదర్శినికి కన్ను ఆనించి చుక్కల్ని చూస్తున్నాడని రాస్తే అది సినిమా అవుతుంది. ఈ రోజుల్లో ఆయన కూర్చునేది కంప్యూటర్ తెరల ముందు. జులైలో రాత్రంతా నక్షత్రాలు చూశాడని రాస్తే ఇంకా తప్పు. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ తగిలే కొండ ఇది. వానా కాలంలో మబ్బులు కమ్మేసి పని సాగని రాత్రులే ఎక్కువ. ఆకాశం బాగా తేటపడేది సంక్రాంతి తర్వాతే. అంటే రచయిత దగ్గర పంచాంగం కూడా ఉండాలి. హత్య జరిగిన రాత్రి అమావాస్యా, పున్నమా అన్నది తేలకుండా కథ ముందుకు సాగదు.

ఇక్కడే పరిశోధన ఫలితం కనిపిస్తుంది. వేధశాలలో ఏ చిత్రాన్ని ఎన్ని గంటలకు తీశారో, ఎంతసేపు తీశారో నమోదవుతుంది. నిందితుడు ఆ వేళ ఎక్కడున్నాడో చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం ఏముంటుంది? వెలుతురంటే దూరదర్శినికి గిట్టదు. హంతకుడు చేతిలో టార్చిలైటుతో లోపలికి వస్తే ఆ నిమిషంలో తీస్తున్న చిత్రం పాడయ్యే అవకాశం ఉంది. ఎవరూ చూడలేదనుకున్న మనిషిని ఆకాశం పట్టించినట్టే! ఈ మలుపు రచయిత ఇంట్లో కూర్చుని బుర్ర గోక్కుంటే వచ్చేది కాదు. చోటు తెలిస్తేనే తడుతుంది.

నిజానికి కావలూరు చరిత్రలోనే ఓ డిటెక్టివ్ కథ ఉంది. 1977 మార్చి 10న యురేనస్ గ్రహం ఓ నక్షత్రానికి అడ్డు రావాల్సి ఉంది. ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో కాచుకుని కూర్చున్నారు. గ్రహం ఇంకా అడ్డు రాకముందే నక్షత్రం వెలుగు తగ్గింది. మళ్లీ వెలిగింది. మళ్లీ తగ్గింది. ఆ మినుకుల లెక్క కట్టి చూస్తే తేలిన విషయం.. యురేనస్ చుట్టూ వలయాలున్నాయని! ఆ రాత్రి కాపు కాసిన కేంద్రాల్లో కావలూరూ ఉంది. కనబడని వస్తువును దాని నీడను బట్టి పట్టుకోవడం.. డిటెక్టివ్ చేసేదీ అదే కదా.

యుగంధర్ నుంచి గణేశ్ దాకా

తెలుగు పాఠకుడికి ఈ రుచి ఈనాటిది కాదు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే దేవరాజు వేంకటకృష్ణారావు 'వాడే వీడు' లాంటి నవలలతో ఊరించారు. ఆ తర్వాత కొమ్మూరి సాంబశివరావు రంగంలోకి దిగారు. ఆయన సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఓ తరాన్ని నిద్రపోనివ్వలేదు. మద్రాసు అప్పట్లో తెలుగు ప్రచురణకూ, సినిమాకూ పెద్ద కేంద్రం. అద్దె పుస్తకాల షాపుల్లో అట్టలూడిన నవలలు చేతులు మారేవి. ఆ తర్వాత మధుబాబు 'షాడో' వచ్చాడు. మల్లాది వెంకట కృష్ణమూర్తి రాసిన 'చంటబ్బాయ్' డిటెక్టివ్‌నే నవ్వులపాలు చేసి నవ్వించింది. 1986లో జంధ్యాల దాన్ని సినిమాగా తీశారు.

తమిళంలోనూ ఇదే జోరు. మన పొరుగున ఉన్న ఆరణికి చెందిన కుప్పుస్వామి మొదలియార్ వందేళ్ల కిందటే ఆంగ్ల నవలల్ని తమిళ వాతావరణానికి మలిచి పాఠకులకు అందించారు. సుజాత పేరుతో రాసిన రంగరాజన్ బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్‌లో ఇంజినీరు. ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం తయారీలో పాలుపంచుకున్నారు. ఆయన నవలల్లో లాయర్లు గణేశ్, వసంత్ నేరాలను ఛేదిస్తారు. ఇంజినీరు బుర్ర కాబట్టి యంత్రాల ముచ్చట వచ్చిన చోట తడబాటు ఉండదు. కోయంబత్తూరుకు చెందిన రాజేశ్‌కుమార్ రాసిన నవలలు 1500 దాటాయి.

గుడియాత్తం, వేలూరు తెలుగువారికి ఓ వెసులుబాటుంది. ఇటు యుగంధర్‌నూ అటు గణేశ్‌నూ అసలు భాషల్లోనే చదువుకోగలరు. ఇలాంటి పాఠకుడిని మోసం చేయడం కష్టం. ఇలాంటి పాఠకుడే రచయితైతే రాయలేనిదేముంది?

మందుల గదిలో పుట్టిన విషం

ప్రపంచంలో పేరున్న రహస్య రచయితలంతా చూసిందే రాశారు. తెలియనిది అడిగి తెలుసుకున్నారు. అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లండులోని టార్కీలో ఓ ఆస్పత్రి మందుల విభాగంలో పనిచేశారు. ఏ మందు ఎంత మోతాదు దాటితే విషమవుతుందో అక్కడే నేర్చుకున్నారు. 1920లో వచ్చిన ఆమె తొలి నవలలోని విషప్రయోగం అంత పకడ్బందీగా ఉందంటే కారణం అదే. మందుల నిపుణుల పత్రికే దాన్ని మెచ్చుకుంది. యుద్ధానికి జడిసి బెల్జియం నుంచి శరణార్థులు టార్కీకి వచ్చారు. వాళ్లను చూసిన క్రిస్టీ తన డిటెక్టివ్ పొయిరోను బెల్జియం మనిషిని చేశారు. పాత్ర ఎక్కడో పుట్టలేదు. వీధిలో ఎదురైంది.

షెర్లాక్ హోమ్స్ కథా అంతే. కోనన్ డాయిల్ వైద్యం చదివేటప్పుడు ఎడిన్‌బరోలో జోసెఫ్ బెల్ అనే ప్రొఫెసర్ ఉండేవారు. రోగి నోరు తెరవకముందే అతని వృత్తి, వచ్చిన ఊరు చెప్పేసేవారట. ఆయనే హోమ్స్‌కు నమూనా. బాస్కర్‌విల్లె వేటకుక్క కథ రాసేముందు డాయిల్ 1901లో డార్ట్‌మూర్ బీడు భూముల్లో తిరిగొచ్చారు.

ఫ్రెంచిలో రాసిన జార్జ్ సిమెనాన్ పద్ధతి మరీ సులువు. ఓ పెద్ద కవరు తీసుకునేవారు. దాని మీద పాత్రల పేర్లు, వయసు, చిరునామా, చుట్టాలు రాసుకునేవారు. పేర్ల కోసం టెలిఫోన్ డైరెక్టరీలు తిరగేసేవారు. కథేమిటో అప్పటికి తేలేది కాదు. మనుషులు తేలాకే కథ మొదలు.

ఈ పద్ధతికి ఆలంగాయంలో ఖర్చేమీ లేదు. రెండు రూపాయల కవరు, బస్టాండులో ఓ టీ.. చాలు.

రైలు దిగితే తప్పు!

మన ప్రాంతం మీద రాసేవారు సాధారణంగా పప్పులో కాలేయగల చోట్లు కొన్ని ఉన్నాయి.

ఆలంగాయంలో డిటెక్టివ్‌ను రైలు దించకూడదు. ఇక్కడ రైల్వేస్టేషనే లేదు. వాణియంబాడిలోనో, జోలార్‌పేటలోనో దిగి బస్సు పట్టుకోవాల్సిందే. గుడియాత్తానికి స్టేషన్ ఉంది గానీ అది ఊరికి దూరం. దిగీ దిగగానే హంతకుడు బజారు సందుల్లో మాయమైపోయాడంటే కుదరదు. నడుమ ఆటో ఎక్కాలి. ఆటో డ్రైవరు ఓ సాక్షి. మంచి రచయిత ఈ దూరాన్ని కూడా వాడుకుంటాడు. కాట్పాడి జంక్షన్ సంగతి వేరు. ఇటు చెన్నై, అటు బెంగళూరు, పైకి చిత్తూరు మీదుగా తిరుపతి. పారిపోయేవాడికి ఎన్ని దారులో, వెంటాడేవాడికి అన్ని తిప్పలు.

వేసవిలో శవాన్ని పాలారులో తేల్చకూడదు. ఏటిలో ఆ కాలాన ఉండేది ఇసుకే. అలాగని పాలారు ఎప్పుడూ ఎండే ఉంటుందనీ రాయకూడదు. 2021 నవంబరులో పాలారు, కౌండిన్య నదులు పొంగినప్పుడు వేలూరు, గుడియాత్తం పరిసరాలు ఎలా వణికాయో ఇక్కడివారికి గుర్తే. అంటే ఏడాది, నెల చెప్పకుండా నదిని కథలోకి తేకూడదన్నమాట.

గుడియాత్తం అగ్గిపెట్టె కథలో వస్తే దాని గుట్టు తెలియాలి. పుల్ల తలలో ఉండేది పొటాషియం క్లోరేట్ మిశ్రమం. ఎర్ర భాస్వరం ఉండేది పెట్టె పక్క పట్టీలో. అందుకే పుల్లను ఆ పట్టీ మీద గీస్తేనే భగ్గుమంటుంది. దొరికింది పుల్లలేనా, పెట్టె కూడానా అన్న చిన్న తేడా మీద ఓ అధ్యాయం నడపొచ్చు.

ఇక చట్టం. 2024 జులై 1 నుంచి భారత న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. ఇప్పటి కథలో ఇన్‌స్పెక్టరు '302 కేసు' అంటే పాత వాసన. హత్యకు శిక్ష ఇప్పుడు 103వ సెక్షన్‌లో ఉంది. అనుమానాస్పద మృతికి పాత నేర శిక్షాస్మృతి 174 కాదు, కొత్త నాగరిక సురక్షా సంహితలోని 194. అయితే కథ 2005లో జరిగితే పాత నంబర్లే రాయాలి. పరదరామి పక్కన సరిహద్దులో శవం దొరికితే ఏ రాష్ట్రం పోలీసులు రావాలి? నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు నమోదు చేసి, తర్వాత సంబంధిత స్టేషన్‌కు బదిలీ చేసే వీలుంది. గుడియాత్తం ఎస్సైకీ, చిత్తూరు ఎస్సైకీ మధ్య ఆ కాగితం తిరిగేలోపు ఎన్ని ఆధారాలు చెరిగిపోతాయో.. కథకు ఊపిరి అక్కడే.

హత్యకు కారణం వెతకాలన్నా బయట ఊళ్లకు పోనక్కర్లేదు. తోళ్ల పరిశ్రమల కాలుష్యంపై వేలూరు పౌర సంక్షేమ వేదిక వేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దేశమంతటికీ దారి చూపింది. చెరిపినవాడే పరిహారం కట్టాలన్న సూత్రం అందులో స్థిరపడింది. నీళ్లు చెడిన బావి, ఎండిన పొలం, మూతపడిన ఫ్యాక్టరీ, పోయిన కొలువు.. పగకు ఇన్ని మొహాలు. కోర్టు తీర్పులు ఎవరైనా చదువుకోవచ్చు. ఖర్చు లేని పరిశోధన.

ఉల్కా? పేలుడా?

మన పక్కనే జరిగిన ఓ సంఘటన రహస్య రచయితకు పాఠం లాంటిది. 2016 ఫిబ్రవరి 6న నాట్రంపల్లి ప్రాంతంలోని ఓ ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాల ఆవరణలో పెద్ద శబ్దం వచ్చింది. నేల మీద గొయ్యి పడింది. అద్దాలు పగిలాయి. ఓ బస్సు డ్రైవరు ప్రాణాలు కోల్పోయారు. ఉల్క పడటమే కారణమని అప్పటి ముఖ్యమంత్రి జయలలిత ప్రకటించి బాధిత కుటుంబానికి సాయం ప్రకటించారు. ప్రపంచ పత్రికలన్నీ ఎగబడ్డాయి. ఉల్క తగిలి మనిషి చనిపోవడం అరుదైన సంగతి మరి. కానీ నాసా శాస్త్రవేత్తలు ఫొటోలు చూసి ఇది నేల మీద జరిగిన పేలుడులా ఉందన్నారు. ఉల్కేనని శాస్త్రీయంగా తేలలేదు.

నవలలో అయితే చివరి పేజీలో డిటెక్టివ్ అందరినీ హాల్లో కూర్చోబెట్టి విషయం విప్పేస్తాడు. జీవితంలో ఆ చివరి పేజీ కొన్నిసార్లు రాదు. ఇక్కడ రచయిత నేర్చుకోవాల్సినవి రెండు. ముందు జవాబు అనేసుకుని తర్వాత ఆధారాలు ఏరుకోకూడదు. ఇది డిటెక్టివ్‌కూ, పాలకుడికీ, పాఠకుడికీ ఒకే సూత్రం. రెండోది.. గొయ్యి లోతు, రాయి బరువు గురించి మాట్లాడుకున్నంతగా పోయిన మనిషి గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. పొద్దున బస్సు తోలుకుని పనికి పోయినవాడు సాయంత్రం ఇంటికి రాలేదు. శవాన్ని ఓ ఆధారంగానే చూసే నవల తేలిక. శవానికీ ఓ ఇల్లుందని గుర్తుంచుకునే నవల నిలుస్తుంది.

కూలీ విలనేనా?

పాత్రల దగ్గరికొస్తే అసలు పరీక్ష ఇదే. జవ్వాది కొండల మీద కథ అనగానే ఎర్రచందనం దొంగ గుర్తుకొస్తాడు. భుజాన గొడ్డలి, ఎర్రటి కళ్లు, నోట్లో బీడీ. మూడు ముక్కల్లో విలన్ సిద్ధం.

2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తిరువణ్ణామలై, ధర్మపురి, సేలం వైపు నుంచి పోయినవాళ్లు. జవ్వాది కొండల గిరిజనులూ అందులో ఉన్నారు. తమపై దాడి చేస్తేనే కాల్చామని పోలీసులు చెప్పారు. బూటకపు ఎన్‌కౌంటరని హక్కుల సంఘాలు ఆరోపించాయి. దుంగలు కొన్న పెద్దమనుషులెవరూ ఆ అడవిలో లేరు. ఉన్నది కూలీలే.

ఇది తెలిసిన రచయిత గొడ్డలి పట్టినవాడిని మూడు ముక్కల్లో తేల్చలేడు. ఆ మనిషి గురించి కొన్ని ప్రశ్నలు వేసుకుంటాడు. పొద్దున లేచి ఏం తింటాడు? సామలా, కొర్రలా, రేషను బియ్యమా? ఎవరికి ఎంత బాకీ? అడ్వాన్సు ఎవరు చేతిలో పెట్టారు? ఇంట్లో ఏమని చెప్పి బయల్దేరాడు? మేస్త్రి పిలిచిన రోజు పోనంటే ఏమయ్యేది? ఈ జవాబులు దొరికాక కూడా అతడు నేరం చేసి ఉండొచ్చు. కానీ అప్పుడు పాఠకుడు నేరాన్ని చూస్తాడు, మనిషినీ చూస్తాడు. అసలు హంతకుడు ఎవరన్న ప్రశ్న అడవి దాటి గోదాముల దాకా పోతుంది. రహస్య నవల చేయగల గొప్ప పని అదే.

మాటే పట్టిస్తుంది

మన ప్రాంతపు రచయిత చేతిలో ఇంకో ఆయుధం ఉంది. అది భాష. గుడియాత్తం సంతలో ఓ గంట నిలబడితే తెలుగు, తమిళం, వాణియంబాడి వైపు ఉర్దూ చెవిన పడతాయి. ఒకే మనిషి బేరం ఓ భాషలో ఆడి, కోపం ఇంకో భాషలో తీర్చుకుంటాడు. "యాడికి పోతా ఉండావు నాయనా?" అన్నవాడే ఫోను రాగానే తమిళంలోకి మారిపోతాడు.

ఉదాహరణకు నవలలో ఓ బెదిరింపు ఉత్తరం దొరికిందనుకుందాం. రాసినవాడు తాను విజయవాడ మనిషినని నమ్మించాలనుకున్నాడు. అంతా పత్రికల తెలుగే. కానీ ఒక్కచోట అగ్గిపెట్టె బదులు 'వత్తిపెట్టె' అని దొర్లింది. వేరుశెనగలు అనాల్సిన చోట 'చెనిక్కాయలు' అని పడింది. అంతే సంగతులు! తమిళుల మధ్య పెరిగిన తెలుగువాడని డిటెక్టివ్ పట్టేస్తాడు. ఈ ఆధారం హైదరాబాదు రచయితకు తట్టదు. సరిహద్దువాడికే తడుతుంది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు పల్లె మాటను కథలకెక్కించారు. స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు'లో పులికాట్ సరస్సు తెలుగును అచ్చులోకి తెచ్చారు. ఆ దారిలో అపరాధ పరిశోధన నవల మాత్రం ఎందుకు నడవకూడదు?

అయితే వినే చెవి ఉన్నా, చదివే కన్ను తగ్గిపోతోంది. తమిళనాడులో 2006లో తెచ్చిన చట్టంతో పదో తరగతి వరకు తమిళం దశలవారీగా తప్పనిసరైంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలెందరో బడిలో తెలుగు అక్షరం నేర్వకుండానే బయటికొస్తున్నారు. తాత దాచిన యుగంధర్ నవల అటక మీద ఉంటుంది. మనవడికి అందులోని మాట వింటే తెలుస్తుంది, చూస్తే తెలియదు. మన ఇళ్లలో పరిష్కారం కాని రహస్యం ఇదే.

పిల్లల్ని చదువు వైపు లాగడానికి డిటెక్టివ్ కథను మించిన ఎర లేదు. ఎవరు చంపారో తెలుసుకోవాలన్న ఆత్రం అక్షరాలను కూడబలుక్కునేలా చేస్తుంది. పైగా అందులో తమ ఊరి బస్టాండు, తమ ఏరు, తమ కొండ ఉంటే! రాత్రి అన్నాలయ్యాక తాత రెండు పేజీలు పైకి చదివి, సరిగ్గా తలుపు చప్పుడైన చోట ఆపేస్తే చాలు. మిగతాది తెలియాలంటే మనవడు పొద్దున పుస్తకం పట్టాల్సిందే.

రాసేవారికి కొన్ని జాగ్రత్తలు

* ఊరు, ఏరు, కొండ, బస్సు దారి నిజమైనవే వాడాలి. హత్య జరిగిన ఇల్లు, వీధి మాత్రం కల్పించుకోవాలి. ఎవరి గడపకూ మచ్చ రాకూడదు.
* నిజంగా జరిగిన మరణాన్ని కథకు వాడుకుంటే పేర్లు, గుర్తులు మార్చాలి. ఆ ఇంటివారు చదివితే ఎలా ఉంటుందో ఓసారి తలచుకోవాలి.
* ఏ చోటికైనా కథలో వేళకే వెళ్లి చూడాలి. రాత్రి హత్యకు పగటి పరిశీలన పనికిరాదు. వేధశాల, అటవీ ప్రాంతాలకు ముందే అనుమతి, వేళలు కనుక్కుని పోవాలి.
* వృత్తి తెలియని పాత్రను రాయకూడదు. మగ్గం నేసేవారి చేతివేళ్లు, తోళ్ల పనివారి గోళ్లు ఎలా ఉంటాయో చూసి రాయాలి. డిటెక్టివ్ అవే కదా చూసేది!
* ప్రతి పాత్రకూ ఓ కవరు. పేరు, వయసు, బాకీ, భయం, కోపమొస్తే మాట్లాడే భాష.. ఈ అయిదూ నిండాకే మొదటి అధ్యాయం.

కావలూరు కొండ మీద ఈ రాత్రి కూడా మబ్బు లేకపోతే గుమ్మటం తెరుచుకుంటుంది. దూరాన ఓ చుక్క మినుకుమంటుంది. కింద ఆలంగాయంలో ఆఖరి బస్సు దిగిన మనిషి చేతి సంచితో చీకట్లోకి నడుస్తాడు. ఎవరతను? ఇంత రాత్రప్పుడు ఎక్కడికి? ఈ ప్రశ్న తట్టినవారు కవరు మీద మొదటి పేరు రాసుకోవచ్చు. మన ఊరి కథ మనం రాయకుంటే ఇంకెవరు రాస్తారు?